ఒక దొంగ చెక్కు ఆత్మకథ

చెక్కుకు సొంత గొంతు ఉండదు. ఎవరు సంతకం పెడితే వాళ్ల మాటే దాని మాట. అందుకే ఈ చెక్కు తన కథను ‘నేను’ అని మొదలుపెట్టదు, ‘ఈ చెక్కు’ అనే చెప్పుకొంటుంది. దీని మీద సంతకంలో ఉన్న పేరు సంతకం చేసినవాడిది కాదు. ఆ పేరు మీద ఏ బ్యాంకులోనూ ఖాతా లేదు.

అసలు చెక్కులు బ్యాంకులు నమ్మి పని అప్పగించిన ముద్రణాలయాల్లో, లెక్క ప్రకారం, వరుస నంబర్లతో పుడతాయి. ఈ చెక్కు ఒక అద్దె గదిలో రంగుల ప్రింటరు నుంచి ఊడిపడింది. ఎవరివో చెక్కులను ఫోన్‌తో ఫొటోలు తీసి, పేరూ అంకెలూ చెరిపి, కొత్తవి ఎక్కించారు. మూడు లక్షల ఎనభై ఐదు వేల రూపాయలని ఇంగ్లీషులో టైపు కొట్టారు. చెక్కును ప్రాంతీయ భాషలోనూ రాయవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. కానీ ఇంగ్లీషు చూస్తే పల్లెలో భయం, భక్తి రెండూ పుడతాయని ఆ గదిలోవాళ్లకు తెలుసు. ఒక కంపెనీ వార్షికోత్సవమనీ, లక్కీ డ్రాలో మీ నంబరు తగిలిందనీ ఒక మెరుపు కాగితం జతచేసి, కింద సెల్ నంబరు వేసి, కొరియరులో పంపారు.

కవరు దిగింది మదనపల్లె దగ్గరి ఒక పల్లెలో. ఆ ఇంటి ఇల్లాలు టమాటా సాగు చేస్తుంది, పొదుపు సంఘంలో సభ్యురాలు. వసారాలో ఖాళీ క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మీదే కవరు చించింది.

ఆమె ఆ చెక్కును ఎందుకు నమ్మిందో అర్థం కావాలంటే ఈ నేల తెలియాలి. మదనపల్లె టమాటా మార్కెట్లో 2023 జూలై చివర కిలో ధర 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. అదే మార్కెట్టుకు కోతకూలీ కూడా గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ తెలుసు. డబ్బు రావడం, పోవడం రెండూ ఇక్కడ మనిషి చేతిలో లేవు. పైగా ముఖం తెలియనివాళ్ల సంతకంతో చెక్కులు రావడం ఈ పల్లెలకు కొత్త కాదు. హంద్రీ-నీవా నీళ్లకోసం పుంగనూరు బ్రాంచి కాలువ, కుప్పం బ్రాంచి కాలువ తవ్వినప్పుడు భూమి పోయినవాళ్లు పరిహారం చెక్కుల కోసం ఎదురుచూశారు. ఆసుపత్రి ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కులు ఎమ్మెల్యేల చేతుల మీదుగా ఇళ్లకు చేరుతుంటాయి. 2019 ఫిబ్రవరిలో ‘పసుపు-కుంకుమ’ పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు 2,500, 3,500, 4,000 రూపాయల చొప్పున రాబోయే తేదీలు వేసిన మూడు చెక్కులు అందాయి. అవి అసలు చెక్కులే. పల్లె ఆశపోతుది కాబట్టి దొంగ చెక్కుకు పడిపోతుందని పట్నంలో కూర్చుని అనడం అన్యాయం. ఇన్నాళ్లూ అసలు చెక్కులు చూసిన కళ్లు కాబట్టే నమ్మాయి.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

“మేడమ్, చెక్కు బ్యాంకులో వేయండి. మెసేజ్ రాగానే ట్యాక్సు 38,500 మా నంబరుకు పంపండి. ఇవాళే వేయాలి, రేపటికి క్యాన్సిల్ అయిపోతుంది.”

ఆ రెండు మాటల్లోనే మోసమంతా ఉంది. మొదటిది పన్ను. నిజంగా బహుమతి తగిలితే, దాని మీద 30 శాతం ఆదాయపన్ను ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకొని మిగతాది ఇవ్వాలి. గెలిచినవాళ్లు ఫోన్ నంబరుకు పన్ను పంపే పద్ధతి చట్టంలో ఎక్కడా లేదు. రెండోది తొందర. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల వరకు దానికి గడువుంటుంది. 2012 ఏప్రిల్ 1కి ముందు అది ఆరు నెలలు. ఏ అసలు చెక్కూ రేపటికల్లా చచ్చిపోదు.

ఆమె కవరు పట్టుకొని పుంగనూరు బస్సెక్కింది. అక్కడ తమ్ముడు చింతపండు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు.

“చెక్కు వచ్చిండాది రా తమ్ముడా. మూడు లక్షల ఎనభై ఐదు వేలంట. ఏం చేసేది?”

“నా ఖాతాలో ఏద్దామక్కా. పోతే ఏం పోతాది? రాకుంటే రాదు, అంతే కదా.”

చదువుకున్నవాళ్లు కూడా ఈ మాటే అంటారు. పోయేది చాలా ఉంది. చెక్కు తిరిగి వస్తే, దాన్ని వేసిన ఖాతా నుంచే బ్యాంకు రుసుము కోస్తుంది. దొంగ చెక్కు వేసినవాళ్ల పేరే పోలీసుల కాగితాల్లో ముందు కనిపిస్తుంది. ఇక 38,500 పంపితే అది తిరిగి రాదు. ‘చెక్కు జమకు తీసుకున్నాం’ అని బ్యాంకు పంపే మెసేజ్‌కు డబ్బు వచ్చిందని అర్థం కాదు. రాసినవాళ్ల బ్యాంకు ‘చెల్లిస్తున్నాం’ అన్నాకే అది డబ్బు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగు రోజంతా సాగుతోంది. పగటిపూట వచ్చిన చెక్కుల బొమ్మలు వెంటవెంటనే వెళ్తాయి. అవతలి బ్యాంకు సాయంత్రం 7లోపు అవునో కాదో చెప్పాలి. ఒక్క పూట ఓపిక పడితే నిజం తేలిపోతుంది కాబట్టే మోసగాడు ఆ పూట ఇవ్వడు.

అమెరికాలో ఈ సందు ఇంకా పెద్దది. అక్కడ చెక్కు వేసిన కొద్ది రోజుల్లోనే ఖాతాదారు డబ్బు వాడుకోవడానికి చట్టం వీలిస్తుంది. చెక్కు దొంగదని బయటపడటానికి వారాలు పట్టవచ్చు. 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు దొంగ చెక్కుల మీద 27 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. పోయిన సొమ్ము 2 కోట్ల 80 లక్షల డాలర్లు దాటింది. ఎక్కువగా దెబ్బతిన్నది ఇరవైల్లో ఉన్నవాళ్లని ఆ సంస్థే చెప్పింది. ‘ఇంటి నుంచే సహాయకుడి ఉద్యోగం’ అని ఈమెయిలు, వెనకే చెక్కు, అందులో కొంత గిఫ్టు కార్డులుగా తిరిగి పంపమని ఆజ్ఞ. చిత్తూరు వైపు నుంచి అక్కడికి చదువుకు వెళ్లిన పిల్లల వయసూ అదే. తల్లిదండ్రులు ఈ సంగతి ఫోన్‌లో ఒకసారి చెప్పడం మంచిది.

తమ్ముడు స్లిప్పు రాయబోతుండగా కుప్పం నుంచి ఫోను. ఆ ఇల్లాలి పెద్దకూతురు అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుతోంది.

“అమ్మా, దాన్ని యాడా వెయ్యొద్దు. కవరు కూడా పారెయ్యొద్దు. ఎత్తుకొని రా.”

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. బ్యాంకులో ఒక అధికారి ఈ చెక్కును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకున్నాడు.

“ఇట్ల చూడండమ్మా. అసలు చెక్కును వెలుతురుకు పెడితే కాగితం లోపల ‘సీటీఎస్ ఇండియా’ అనే నీటిగుర్తు కనపడాలి. దీంట్లో ఏమీ లేదు.”

తర్వాత నీలి లైటు కింద పెట్టాడు. బ్యాంకు గుర్తు మెరవాలి, మెరవలేదు. ఆయన వేలు చివరికి అడుగు వరసలో ఆగింది. ఆ తెల్లటి పట్టీలో ముందు ఆరంకెల చెక్కు నంబరు, పక్కన తొమ్మిదంకెల కోడు ఉంటాయి. ఆ తొమ్మిదిలో మొదటి మూడు ఊరిని, తర్వాతి మూడు బ్యాంకును, చివరి మూడు శాఖను చెబుతాయి. ఊరి అంకెలు సాధారణంగా పిన్‌కోడ్ మొదటి మూడంకెలే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటి పిన్‌కోడ్లూ 517తోనే మొదలవుతాయి. ఈ చెక్కు మీద అచ్చువేసిన శాఖ కోల్‌కతాది. అంటే కోడు 700తో మొదలవ్వాలి. ఉన్నది 110, అది ఢిల్లీ. ఒకరి చెక్కు అడుగునూ ఇంకొకరి చెక్కు తలనూ అతికించినవాళ్లు ఆ మూడంకెలు మార్చడం మరిచారు.

ప్రతి దొంగ చెక్కూ ఇంత సులువుగా దొరకదు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సహాయనిధి పేరిటే మూడు నకిలీ చెక్కులు బయలుదేరాయి. మంగళూరు వైపు 52.65 కోట్లకు, ఢిల్లీలో 39.85 కోట్లకు, కోల్‌కతాలో 24.65 కోట్లకు. మొత్తం 117.15 కోట్లు. చిన్న మొత్తాలకు అంతకుముందు ఇచ్చిన చెక్కుల నంబర్లే వాటి మీద ఉన్నాయి. అంత పెద్ద మొత్తాలు చూసి అక్కడి బ్యాంకులవాళ్లు ఫోన్ చేసి అడిగారు. వెలగపూడి సచివాలయం వైపు నుంచి ‘మేము ఇవ్వలేదు’ అని జవాబు వచ్చింది. డబ్బు కదలలేదు. ఆ మూడింటినీ పట్టించింది కాగితం నాణ్యత కాదు, ఎవరో ఎత్తి చేసిన ఫోన్. ఆ మరుసటి జనవరి 1 నుంచి ‘పాజిటివ్ పే’ వచ్చింది. 50 వేలు, ఆపైన చెక్కు రాసినవాళ్లు దాని నంబరు, తేదీ, పేరు, మొత్తం ముందే తమ బ్యాంకుకు చెప్పుకోవచ్చు. 5 లక్షలు, ఆపైన దాన్ని తప్పనిసరి చేసుకొనే వీలు బ్యాంకులకు ఉంది.

“మరి కోర్టులో కేసు వేస్తే? చెక్కు బౌన్సయితే జైలంటారే” అన్నాడు తమ్ముడు ఫోన్‌లో.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138 సెక్షను 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ అప్పు లేదా బాకీ తీర్చడానికి ఇచ్చిన చెక్కుకే అది వర్తిస్తుంది. ఊరికే పంపిన కానుక చెక్కు బౌన్సయితే ఆ సెక్షను పనిచేయదు. దానికితోడు, చెక్కు రాసినవాడి సొంత ఖాతాది కావాలి. ఇక్కడ ఖాతాయే లేదు. మిగిలింది మోసం కేసు, ఫోర్జరీ కేసు. వాటికి పోలీస్ స్టేషన్ ఉంది.

చెక్కు నిజమైనదైతే? అలాంటివీ వస్తాయి. మరిచిపోయిన షేర్ల డివిడెండు, పాత పాలసీ సొమ్ము, చనిపోయిన పెద్దాయన డిపాజిట్టు. అప్పుడు ఉత్తరంలోని నంబరుకు ఫోన్ చేయకూడదు. ఆ సంస్థ నంబరు వేరుగా వెతికి, ఈ డబ్బు ఏ లెక్క కిందిదో రాతపూర్వకంగా అడగాలి. పదేళ్లుగా ఎవరూ ముట్టని బ్యాంకు డిపాజిట్ల కోసం 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ‘ఉద్గమ్’ అనే పోర్టల్ తెరిచింది, అక్కడ పేరు వెతుక్కోవచ్చు. బంధువు కాని మనిషి నిజంగానే కానుకగా పంపితే, ఏడాదిలో అలాంటివి 50 వేలు దాటినప్పుడు ఆ సొమ్మంతా ఆదాయం కిందికి వస్తుంది.

పొరపాటున వచ్చిన డబ్బు సంగతి వేరు. 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను ప్రకారం అది తిరిగి ఇవ్వాల్సిందే. 2021లో బిహార్‌లోని ఖగడియా జిల్లాలో ఒకాయన ఖాతాలో బ్యాంకు పొరపాటున ఐదున్నర లక్షలు పడ్డాయి. ప్రధాని పంపారనుకొని ఖర్చుపెట్టుకున్నాడు, అరెస్టయ్యాడు. 2022 మే చివర చెన్నై టి.నగర్‌లో ఒక బ్యాంకు శాఖలో వంద ఖాతాలకు 13 కోట్ల చొప్పున పడ్డట్టు కనిపించాయి. అలాంటప్పుడు ఆ సొమ్ము ముట్టకుండా బ్యాంకుకు రాసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ‘పొరపాటున మీకు పంపాను, తిరిగి పంపండి’ అని కొత్తమనిషి ఫోన్ చేసినా నేరుగా పంపకూడదు. వచ్చిన దారినే, బ్యాంకు చేతుల మీదుగానే వెనక్కి వెళ్లాలి. మధ్యలో తన ఖాతాను వాడుకోనిచ్చినవాళ్లు ఎవరి నేరంలోనో భాగస్థులైపోతారు.

కూతురు కుప్పం బ్యాంకు దగ్గర నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సెల్ నంబరు, వచ్చిన కాల్స్ వివరాలు చెప్పింది. డబ్బు పోయిన గంటల్లోనే చెబితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఇక్కడ పోలేదు కాబట్టి నంబరు నమోదైతే చాలు. ఈ చెక్కును, మెరుపు కాగితాన్ని, కొరియరు కవరును ఫొటోలు తీసి, ఫిర్యాదుకు పిన్ను కొట్టి స్టేషన్‌లో ఇచ్చారు. రశీదు తీసుకున్నారు.

స్టేషన్ మెట్లు దిగుతూ ఆ ఇల్లాలికి గుర్తొచ్చింది. మొన్న కొరియరు అబ్బాయి సంచిలో అలాంటి కవర్లే ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి పక్కవీధి సంఘం లీడరుది.

“అక్కా, నీకూ చెక్కు వచ్చినాదా? డబ్బులు ఏమన్నా కట్టినావా? కట్టబాకక్కా, నేను వచ్చేదాకా ఆగు. కవరు మటుకు పారెయ్యబాక.”