అకాలసమాప్తివ్యాఖ్య

మూలము: “అనెక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఆర్కైవ్”

అవతారిక: తెనాలిలో నొక డీటీపీ కేంద్రమున పేజ్‌మేకరునందు కూర్పబడిన తన పుస్తకమును, ఫాంట్లతోను ఛాయాచిత్రములతోను గూడ నొక్క జిప్ మూటగా గట్టించి, పెన్‌డ్రైవున కెక్కించుకొని, రేపల్లె బండి వేళ మించుచున్నదను తొందరచే ‘ఎజెక్టు’ కొట్టకయే దానిని పెరికి జేబున వేసికొని పోయిన గ్రంథకర్తకు, రేపల్లెలో మూట విప్పబోవు సమయమున తెరపై సాక్షాత్కరించిన వాక్యమిది. దీనికి ఋషి విన్‌రార్; ఛందస్సు లేదు; వినియోగము గుండె గుభేలుమనిపించుట.

ప్రతిపదార్థము: ఆర్కైవ్ = కుదించి కట్టిన ఫైళ్లమూట; ఆఫ్ = యొక్క; ఎండ్ = తుది; అనెక్స్‌పెక్టెడ్ = ఎదురుచూడనిది. ఎవ్వరెదురుచూడనిదని శంక. విప్పుచున్న యంత్రమని సమాధానము. తుది రావలసిన చోటికి ముందే బైట్లు నిండుకొనినవని భావము.

పూర్వపక్షము: కట్టినవాడే చెడగట్టెనని రేపల్లెవారందురు. తెనాలి కంప్యూటరులో ఆ మూటయే చక్కగా విడివడుచున్నది గనుక ఈ వాదము నిలువదు.

విశేషము: 1989లో ఫిల్ కాట్జ్ ఏర్పరచిన జిప్ పద్ధతిలో ప్రతి ఫైలునకు ముందు, ఆయన పేరిటి పొడియక్షరములగు ‘పీకే’తో మొదలగు చిన్న శీర్షిక యుండును గాని, సమస్తమునకును విషయసూచిక మూట చివరనే యుండును. కవినామము, తండ్రి పేరు, కృతినామము ఆశ్వాసాంతగద్యలోనే నిలిపిన ఏకాశ్వాసప్రబంధమునకు కడపటి తాటాకు పోయినచో, లోని పద్యములు చెక్కుచెదరకున్నను కర్త యెవరో తెలియరానట్లే, తుది తెగిన మూటలో నేమున్నదో సూచికను నమ్ముకొన్న విండోస్ ఫోల్డరునకు తెలియదు. చెల్లని మూటయని త్రోసివేయును. విన్‌రార్ మొదటినుండి శీర్షికల నేరుకొనుచు వచ్చును గావున పూర్తిగా దిగిన ఫైళ్లనైనను దక్కించుకొనవచ్చును. మరమ్మతు సాధనములు సూచికను తిరిగి కూర్చగలవే గాని, తెనాలిలోనే నిలిచిపోయిన బైట్లను సృజింపజాలవు. కాపీగీత తెరపై నిండినంత మాత్రమున వ్రాత ముగిసెనని నమ్మరాదు. కొన్ని కంప్యూటర్లలో కడపటి భాగము మెమరీయందే కొంతతడవు నిలిచియుండుట కలదు.

పాఠాంతరము: “సీఆర్‌సీ ఫెయిల్డ్”. ఇచట నిడివి సరిపోయినను లోపల బైటు మారినదని యర్థము. మూట కట్టునపుడు ప్రతి ఫైలునకు గణించి నిలిపిన 32 బిట్ల సంఖ్య, విప్పిన పిమ్మట గణించినదానితో కలియలేదు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మరల ఒకటి రెండు మూడు అని పదములను త్రిప్పి చెప్పు ఘనపాఠి తప్పిన పదము దగ్గరనే ఆగి దిద్దుకొనును. ఈ సంఖ్యకు తప్పు జరిగెననుటయే తెలియును, ఎచటనో తెలియదు. ఈ విషయమున మన వైదికులదే పైచేయి యని నా మతము.

తాత్పర్యము: రెండు చోట్లను ఫైలు పరిమాణమును బైట్లలో పోల్చునది, తగ్గినచో మరల కాపీ చేయునది. సమానమైనచో 7-జిప్‌తో ఉభయత్ర ఎస్‌హెచ్‌ఏ-256 అను గుర్తుసంఖ్యను గణించి, ఆ 64 అంకెలక్షరములను సరిచూచునది. ఎఫ్‌టీపీ మార్గమున పంపువారు ఆస్కీ రీతిని విడిచి బైనరీని గ్రహింపవలెను. మొదటిది పంక్త్యంతములను మార్చి మూటను పాడుచేయును.

మతాంతరము: ఈమెయిలున పంపరాదాయని బాపట్ల ఇంజనీరింగు విద్యార్థులు. జీమెయిలు జోడింపునకు 25 మెగాబైట్లు మేర. ఛాయాచిత్రములు గల పుస్తకమున కది చాలదు. గూగుల్ డ్రైవున కెక్కించి లంకె పంపుడని నవ్యులు. దింపునపుడు నడుమ సిగ్నలు తెగెనేని, వారును మూలమునే పఠింపవలసివచ్చును.