బిళ్ళల షీటు పాఠం

మన బళ్ళలో ఇంగ్లీషు వ్యాకరణం రాముడు రావణుణ్ణి చంపడంతో మొదలవుతుంది. మరుక్షణం రావణుడు రాముడి చేత చంపబడతాడు. దాన్నే ప్యాసివ్ వాయిస్ అంటారు. తాతల కాలం నుంచీ ఆయన అలా చంపబడుతూనే ఉన్నాడు, పిల్లలకు మార్కులు పడుతూనే ఉన్నాయి. అదే పిల్లవాడి చేతిలో రైలు టికెట్ పెట్టి సీటు ఖాయమైందా అని అడగండి. "సార్, ఇది సిలబస్‌లో ఉందా?" అంటాడు.

అందుకని మా తొమ్మిదో తరగతికి చెప్పాను: ఇంట్లో ఇంగ్లీషు అచ్చైన కాగితం ఏదున్నా పట్టుకురండి. శిక్షణ తరగతుల్లో వీటిని అథెంటిక్ మెటీరియల్స్ అని గంభీరంగా పిలుస్తారు. అంటే పాఠం కోసం రాసింది కాదు, లోకం తన అవసరానికి రాసుకున్నది. మర్నాడు నా బల్ల మీద ఆ లోకం కుప్పపడింది. బిస్కెట్ రేపర్లు, కరెంటు బిల్లు, షాంపూ ప్యాకెట్లు, నాన్న జేబులోంచి నొక్కేసిన గుట్కా కవరు. హెడ్మాస్టరు గారు గుమ్మంలో ఆగి, "పాత సామాన్లవాణ్ణి పిలిపించమంటారా మాస్టారూ?" అన్నారు.

అసలు కాగితం తెచ్చినంత మాత్రాన పాఠం అయిపోదు. చదివేవాడికి దాంతో పనిపడాలి. ఈ సంగతి విడోసన్ అనే భాషాబోధన పండితుడు 1978లోనే చెప్పాడు. షాంపూ ప్యాకెట్ చూసి మా వాళ్ళు ఆవులించారు. పురుగుమందు డబ్బా లేబులు తీయగానే రైతుల పిల్లలు లేచి నిలబడ్డారు. ఎర్ర త్రికోణమైతే మహా విషం, ఆకుపచ్చదైతే కాస్త నయం అని వాళ్ళే నాకు చెప్పారు. ఆర్‌ఏసీ టికెట్ గురించి వెనక బెంచీవాడు ఇచ్చిన వివరణ ఏ గైడులోనూ దొరకదు: "సైడు బెర్తులో సగం మనది సార్, మిగతా సగంలో ఎవరివో కాళ్ళు."

అంతలో ఒక మామ్మగారు కర్ర టకటకలాడిస్తూ వచ్చారు. "ఏం నాయనా, నా బీపీ బిళ్ళలతో నీకేం పని? పొద్దున్నుంచి వెతుకుతున్నా!" మనవడు బిక్కమొహం వేసి సంచిలోంచి షీటు తీశాడు. పనిలో పనిగా చదవమన్నాను. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరిక దాటి, అంచున నొక్కిన తేదీ దగ్గర ఆగాడు. "నానమ్మా, వీటి గడువు పోయిన నెలే అయిపోయింది."

మామ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, కర్ర మందుల కొట్టువైపు తిప్పారు. వెళ్తూ వెళ్తూ, "వీడికి ఆ కరెంటు బిల్లు కూడా నేర్పించు నాయనా" అన్నారు. ఇన్నేళ్ళలో నా బోధనకు వచ్చిన ఒకే ఒక్క ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అది.

కాబట్టి తల్లిదండ్రులకు మనవి. పిల్లలు కాగితాలు అడిగితే కసరకండి. బిళ్ళలు మీరు ఉంచుకుని ఖాళీ షీటు పంపండి, చాలు. ఇన్సూరెన్స్ పాలసీ మాత్రం దయచేసి పంపకండి. అందులో ఏముందో మాస్టారికీ తెలియదు, అమ్మిన ఏజెంటుకూ తెలియదు.