వందన సమర్పకుడు

విశ్వవిద్యాలయములలో జరుగు సభలను గూర్చి అధ్యక్షులు వ్రాసికొనిన స్మృతులు కలవు, వక్తలు ప్రకటించిన ఉపన్యాస సంపుటములు కలవు, పత్రికలవారు మరునాడు అచ్చువేసిన వార్తలును కలవు; కాని సభాంతమున లేచి, అప్పటికే సగము లేచిన జనమునుద్దేశించి నాలుగు మాటలు చెప్పి, దీపములార్పుటకు అనుజ్ఞ యిచ్చు వందన సమర్పకుడు తన అనుభవమును లోకమునకు నివేదించిన దాఖలా నాకు కానరాలేదు. ఆ లోపమును పూరించుటకు నాకంటె అర్హుడు మా ప్రాంగణమున మరియొకడు లేడని వినయపూర్వకముగానే మనవి చేయుచున్నాను. ఏలయన, ఉద్యోగమున చేరిన నాటినుండి నేటివరకు మా శాఖ పక్షమున ఎవరు మాట్లాడినను, ఏమి మాట్లాడినను, ఎంతసేపు మాట్లాడినను, దానికి కృతజ్ఞత తెలుపవలసిన భారము నా మీదనే యున్నది.

ఈ పదవి నాకు ప్రతిభచేత లభించినది కాదు, సోపానక్రమముచేత సంక్రమించినది. ప్రొఫెసరుగారు అధ్యక్షత వహింతురు. రీడరుగారు స్వాగతము పలుకుదురు. సీనియరు లెక్చరరుగారు వక్తను సభకు పరిచయము చేయుదురు. ఈ మువ్వురి పిదప మిగిలిన పని మిగిలిన మనిషికి వచ్చును. నా తరువాత మరికొందరు ఉద్యోగమున చేరిరి గదా, ఇక నాకు విముక్తి కలుగునని యొకప్పుడు ఆశపడితిని. కాని, "కొత్తవాళ్లు పేర్లు మరిచిపోతారు, ఆయన చేతే చెప్పించండి" అను ప్రొఫెసరుగారి ఏకవాక్య శాసనముతో ఆ ఆశ అడుగంటినది.

సభకు పూర్వరంగము ఆహ్వానపత్రము. వక్త ఎవరో, విషయమేమో ఒక్క పూటలో తేలిపోవును. పేర్ల వరుస తేలుటకు వారము పట్టును. ప్రారంభకులు ముందా, అధ్యక్షులు ముందా, ధర్మనిధి నొసగిన దాతగారి అల్లుడుగారు విశిష్టాతిథియా, కేవలము అతిథియా అను మీమాంస ముగిసిన పిమ్మట ప్రూఫు నా చేతికి వచ్చును. అట్టి ప్రూఫు ఒకటి నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. గులాబిరంగు అట్టమీద బంగారు అక్షరములు. అధ్యక్షుల పేరునకు ముందు డాక్టరు, వెనుక గారు, అడుగున వారి పట్టములు మూడు పంక్తులు. ఆ మూడు పంక్తుల క్రింద ఒదిగి ఒదిగి వక్తగారి పేరు. ఇక ఉపన్యాస విషయమును కంపోజిటరు స్థలము చాలక చీమతలకాయలంతటి అక్షరములలో కూర్చగా, "అందరూ ఆహ్వానితులే" అను వాక్యము దానికి రెట్టింపు పరిమాణమున వెలుగొందుచుండెను. ఆ కాగితమును చూపి, "విషయం కనపడటం లేదండీ" అని నేను మనవి చేయగా, ప్రొఫెసరుగారు కళ్లజోడు సవరించుకొని, తమ పేరున్న పంక్తిని మరియొకమారు పరికించి, "వచ్చినవాళ్లకి ఎలాగూ వినపడుతుంది కదయ్యా" అని సెలవిచ్చిరి.

శ్రోతలను సమకూర్చుట మరియొక శాస్త్రము. మొదటి వరుసలో సోఫాలు వేయబడును. అవి పెద్దల కొరకు. ఆ పెద్దలు రారు. వారు రాకున్నను వారి స్థానమున మరియొకడు కూర్చుండుట అపచారము గనుక, వక్త తన ప్రసంగమున సగభాగమును ఖాళీ సోఫాలకు నివేదింపవలసి వచ్చును. వెనుక వరుసలు మాత్రము ద్వారసామీప్యమను పుణ్యముచేత అన్నిటికంటె ముందుగా నిండును. మధ్యాహ్నపు తరగతులు రద్దుచేసి, "హాజరు సభలోనే వేయబడును" అని నోటీసు అంటించినచో విద్యార్థులందరు జ్ఞానతృష్ణతో తరలివత్తురు. బాలికలు ఒక పార్శ్వమున, బాలురు మరియొక పార్శ్వమున కూర్చుందురు. ఆ యిరు పార్శ్వముల నడుమ సాగు నిశ్శబ్ద సంభాషణము వేదికమీది సశబ్ద సంభాషణమునకు ఏమాత్రమును అంతరాయము కలిగింపదు.

ప్రార్థనాగీతమైన పిదప మైకు ఒక్కసారి కీచుమని అరచి తన యునికిని చాటుకొనును. స్వాగతోపన్యాసమున మా విశ్వవిద్యాలయ చరిత్రయు, పరిచయోపన్యాసమున వక్తగారి చరిత్రయు సమగ్రముగా వినవచ్చును. పరిచయము చేయువారు "వీరికి పరిచయం అక్కర్లేదు" అని మొదలిడి, జన్మస్థలము, గురుపరంపర, ముద్రిత గ్రంథములు, ముద్రణలోనున్న గ్రంథములు, ముద్రాపకుల ఔదార్యమునకై నిరీక్షించుచున్న గ్రంథములు వరుసగా వినిపింతురు. వక్తగారు సిగ్గుతో తల వంచుకొని, చేతిరుమాలుతో ముఖమొత్తుకొనుచు, విడిచిపోయిన గ్రంథమేదైన ఉన్నచో మెల్లగా పేరు అందింతురు. పిమ్మట అధ్యక్షులు లేచి, "వక్తకీ మీకూ మధ్య నేను అడ్డు నిలవను, రెండే రెండు మాటలు" అందురు. ఆ రెండు మాటలలో మొదటిది అరగంట నడచును; రెండవది ముగియునప్పటికి వక్త చెప్పదలచి వచ్చిన ముఖ్యాంశములన్నియు అధ్యక్షుల నోటనే వెలువడియుండును.

ఒకానొక స్మారకోపన్యాసమున విషయము తెలుగు శాసనముల భాష. వక్తగారు గొప్ప పండితులు, క్రీ.శ. 575 ప్రాంతమునాటి రేనాటి చోళుల కలమళ్ల శాసనముతో ఆరంభించి, ఒక్కొక్క అక్షరమును పలకరించి, దాని క్షేమసమాచారములు కనుగొని, ముందునకు సాగుచుండిరి. గడియారమున గంట గడచినను శాసనములలో నూరేండ్లు గడువలేదు. నన్నయ యింకను దాదాపు నాలుగువందల యేండ్ల దూరమున నుండెను. వక్తలకు చీటీ అందించుట వందన సమర్పకుని ఉపవిధులలో నొకటి గావున, "సమయము మించినది" అని వ్రాసి, మునివ్రేళ్లమీద నడచిపోయి, బల్లమీద నుంచితిని. వారు దానిని విప్పి, చదివి, నావైపు ఆదరముతో చూచి, మడచి, తమ నోటుపుస్తకములో చదువుచున్న పుట నడుమ గుర్తుగా పెట్టుకొని, "ఇప్పుడు శకటరేఫ విషయానికి వద్దాం" అనిరి. మరి పావుగంటకు రెండవ చీటీ పంపితిని. ఈసారి "కాఫీ చల్లారుచున్నది" అని వ్రాసితిని. పండితులు దానిని చదువుచునే అద్దంకిని, బెజవాడను, చాళుక్యులనందరిని రెండు వాక్యములలో దాటి, నన్నయ భట్టారకునకు నమస్కరించి, ఉపసంహరించిరి. చరిత్రగమనమున ఆర్థిక కారణములు ప్రధానమో కావో ఎరుగనుగాని, కాఫీ ప్రధానమని ఆనాడు నిశ్చయించుకొంటిని.

ఇంత చెప్పినంతమాత్రమున సభలు నిష్ప్రయోజనములని నా మతము కాదు. నేను చదువుకొనినది వాల్తేరున. 1926 లో బెజవాడలో పుట్టి, 1930 లో ఈ సముద్రతీరమునకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతులు కట్టమంచి రామలింగారెడ్డిగారు, మలివారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు, ఇరువురును వాగ్మిశిరోమణులే. ఇట్టి గడ్డమీద ఉపన్యాసము వినుట యొక వ్యసనమైనచో వింతయేమి? 1933 లో రవీంద్రనాథ ఠాకూరుగారు వచ్చి అచ్చట ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములను స్వయముగా విన్న వృద్ధులొకరు మా వీధిలో నుండెడివారు. నేను భక్తితో వారి సన్నిధికి పోయి, "ఏం చెప్పారండీ ఠాకూరుగారు?" అని యడిగితిని. వారు కన్నులు మూసికొని, "ఏం చెప్పారా! ఆ గడ్డం, ఆ అంగీ, ఆ కంఠం! నాయనా, అది చెబితే తెలిసేది కాదు. పైగా ఆ రద్దీలో నా కొత్త గొడుగు కూడా పోయింది" అనిరి. అంతకు మించి ఒక్క వాక్యమును వారికి జ్ఞాపకము లేదు.

అప్పుడు నాకు నవ్వు వచ్చెను, ఇప్పుడు రాదు. ఉపన్యాసములు కావలసినవారికి విశ్వవిద్యాలయము వాటిని 1937 లో "మాన్" అను పేర గ్రంథముగా ముద్రించియే యుంచినది. బీరువా తెరచి ఎప్పుడైనను చదువుకొనవచ్చును. ఆ గ్రంథములోనికి ఎక్కనిది ఆ వృద్ధునిలో నిలిచినది. ఒక మహనీయుడు పలుకుచుండగా తాను అచ్చట కూర్చుంటినన్న స్పృహ ముప్పదియేండ్లకును ఆయన కంఠమును గద్గదము చేయుచుండెను. పోయిన గొడుగును గూర్చి చెప్పునప్పుడును ఆయన ముఖమున విచారము లేదు, గర్వమే యున్నది. ఉపన్యాసము వేరు, సభ వేరు. మొదటిదానికి వక్త చాలును, రెండవదానికి వినువాడు కావలయును.

ఈ సత్యమును వేదికమీదివారు కూడ ఎరిగి ప్రవర్తించు సభ నాకు తెలిసినంతలో నొక్కటే, అది అష్టావధానము. మా ప్రాంగణమున ఏడాదికొకమారు అవధానము జరుగును. తెలుగు శాఖవారు సమస్య యిత్తురు, సంస్కృతమువారు నిషిద్ధాక్షరికి పూనుకొని, అవధానిగారు ఒక అక్షరము పలికినతోడనే తరువాతి అక్షరమును నిషేధింతురు, ఒకరు నాలుగు పదములనిచ్చి పద్యములో ఇమిడింపుమందురు, భౌతికశాస్త్ర ఉపన్యాసకుడొకరు గంట చేతబట్టి, ఎవరును ఊహింపని తరుణమున, ప్రయోగశాలలో నేర్చిన నిర్దాక్షిణ్యముతో మ్రోగింతురు, ఇక అప్రస్తుత ప్రసంగి, "అవధానిగారూ, ఈ పూట వంకాయ కూరేనా?" అని ప్రశ్నించి పద్యపాదమును మధ్యలో విరువజూచును. మా సభలన్నిటిలోను అప్రస్తుత ప్రసంగము సమృద్ధిగానే యుండునుగాని, దానికొక ప్రత్యేక వ్యక్తిని నియమించి, అట్లని ప్రకటించు నిజాయితీ ఈ యొక్క సభకే కలదు.

అన్నిటికంటె నన్ను ముగ్ధుని చేయునది ధారణ. నాలుగు ఆవృత్తములు ముగిసిన పిదప అవధానిగారు విడివిడిగా చెప్పిన పాదములను కూర్చి పూర్తి పద్యములను అప్పగించి, గంటలెన్నియో లెక్క చెప్పుదురు. అనగా మూడుగంటలసేపు ఆ వేదికమీద ప్రధానవ్యక్తి తక్కినవారినందరిని వినుచుండెనన్నమాట. తాను తప్ప అన్యులు మాట్లాడునప్పుడు నిద్రించుట మా వేదికలమీది సంప్రదాయము గనుక, ఈ దృశ్యము నాకు ఎంతో విప్లవాత్మకముగా తోచును.

నాటకములకైనచో శ్రోతలను పిలువనక్కరలేదు. వాల్తేరులో రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామిగారు, గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావుగారు నాటకకళకు పట్టుగొమ్మలై నిలిచినందున, అంతర కళాశాలా నాటకపోటీల రాత్రులలో హాజరు వేయుదుమను ప్రలోభము ఎవరికిని అవసరము కాలేదు. దస్త్రములు, గ్రంథములు ఎవరి అధీనమున నుండెనో వారికే రంగస్థలమును ప్రియమైనచో విద్యార్థికి ఇక అడ్డేమి? స్నాతకోత్సవము సంగతి వేరు. అచ్చట నల్లని గౌను తొడిగి, చెమటతో తడిసి, వరుసగా నడచుటయే మా పాత్ర. రాని విద్యార్థికి కూడ గైర్హాజరుగానే పట్టమిత్తురు గనుక, విచ్చేయకపోవుటకు గౌరవము లభించు సభ అదియొక్కటే. అందు వందన సమర్పణ లేదు. సభ ముగిసినదని ప్రకటింతురు, అంతట ముగిసిపోవును. ఆనాడు మాత్రము నేను స్వేచ్ఛాజీవిని.

మిగిలిన దినములలో నాకు ధారణ తప్పదు. ఉపకులపతి మొదలుకొని ధర్మనిధి దాత వరకు, దాత మొదలుకొని వారి అల్లుడుగారి వరకు, ప్రార్థన పాడిన అమ్మాయిలు, దండలు తెచ్చిన అబ్బాయిలు, మైకు అమర్చిన వారు, పత్రికా విలేఖరులు, కుర్చీలు వేసిన బంట్రోతులు, ఒక్క పేరైనను జారిపోరాదు. ఒకమారు గ్రూపు ఫోటో తీసినవారి పేరు జారినది. ఆ ఫోటోలో నా శిరస్సు కానరాదు. ఇన్ని పేర్లను జనము నిలిచి వినుటకు నాకున్న ఆధారము జాతీయగీతమొక్కటే. "ఇప్పుడు జనగణమన" అని మొదటనే సూచించినచో, గడపవరకు పోయినవారు గడపకడనే ఆగుదురు. 1919 లో రవీంద్రులు ఈ గీతమును మన మదనపల్లె కళాశాలలో పాడి వినిపించి, అక్కడనే ఆంగ్లములోనికి అనువదించిరి. నేను చదివినంతలో ఆ సాయంకాలమున వందన సమర్పణ చేసినవాని ప్రసక్తి లేదు. ఆ అజ్ఞాత సోదరుని ఋణమును నేటికిని అనుదినము నేను తీర్చుచున్నాను.

ఇటీవల నాకొక ఆలోచన కలిగినది. వందన సమర్పణను సభాంతమునకు బదులు సభారంభమున నేల జరుపరాదు? అప్పుడు జనముండును, పేర్లు విందురు, ముందుగనే కృతజ్ఞత స్వీకరించిన వక్త ఆ కృతజ్ఞతకు పాత్రుడగుటకైన క్లుప్తముగా మాట్లాడును, నేనును ఇంటికి వేళకు చేరుదును. ఈ సంస్కరణమును సోపపత్తికముగా నాలుగు పుటలలో వ్రాసి ప్రొఫెసరుగారికి సమర్పించితిని. వారు ఓపికగా చదివి, కాగితములు మడచి నా చేతికిచ్చి, "ఆలోచన బాగానే ఉందోయ్. కానీ నిన్ను ముందే మాట్లాడించేస్తే, చివరిదాకా కూర్చుని వినేవాడెవడు? మన సభల్లో ఆ పని చేసేది నువ్వొక్కడివే కదా!" అనిరి.

ఇది ప్రశంసయో, శిక్షయో నిర్ణయింపజాలక, అలవాటు చొప్పున లేచి నిలుచుండి, వారి అమూల్యాభిప్రాయమునకు మా శాఖ పక్షమున కృతజ్ఞత తెలిపితిని.