ఏలినవారికి ఒక గనికూలీ విన్నపం

ఐస్‌లాండ్ దేశం, రేక్యావిక్ నగరంలో కొలువైన సీసీపీ గేమ్స్ ఏలినవారి సముఖానికి,

మీ ఈవ్ ఆన్‌లైన్ ఆటలో గ్రహశకలాలు తవ్వుకుని పొట్టపోసుకునే గనికూలీ దండాలతో విన్నవించుకునేదేమనగా:

అయ్యా, 2003 నుంచి మీరు ఏలుతున్న ఈ అంతరిక్షంలో మోసం నేరం కాదు. జిటా సంతలో అడుగుపెడితే చాలు, 'మీ డబ్బు నాకు పంపండి, రెట్టింపు చేసి ఇస్తా' అని చాట్‌లో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. చిన్న మొత్తం పంపితే నిజంగానే రెట్టింపు వస్తుంది. పెద్ద మొత్తం పంపాక మనిషి జాడ ఉండదు. ఫిర్యాదు చేస్తే అది ఆటలో భాగమేనంటారు. మాకూ సమ్మతమే. నమ్మించి తోటి ఆటగాళ్ల కూటమి ఖజానా ఊడ్చుకుపోయినవాణ్ణి తిట్టుకుంటూనే మెచ్చుకునే జాతి మాది.

ఇంతమంది దొంగల మధ్య బేరాలెలా సాగుతున్నాయంటారా? రూల్సు అందరికీ ఒకటేనని, వాటిని కాపాడే మీరు ఎవరి పక్షమూ కారని నమ్మబట్టే.

అలాంటిది, మీ ఉద్యోగుల్లోనే ఒకాయన తాను ఆడే కూటమికి అరుదైన బ్లూప్రింట్లు దొడ్డిదారిన చేరవేశాడని 2007లో బయటపడింది. కంచే చేను మేసింది. ఆపైన ఎవడు ఓడినా 'అవతలివాడికి పైనుంచి అండ ఉంది' అనేయడానికి సాకు దొరికింది. నిజాయతీగా గెలిచినవాడి గెలుపు కూడా అనుమానాల పాలైంది.

మంచి చెప్పకపోతే కళ్లు పోతాయి. 2008లో మాలో మేం ఓట్లేసి ఎన్నుకునే మండలి పెట్టారు. ఆ సభ్యులను మీ ఊరికి పిలిపించి మాట విన్నారు. ఆర్థికవేత్తను కొలువులో పెట్టుకుని మా సంత లెక్కలు మాకే చూపించారు.

ఆ పరువు మూడేళ్లు నిలిచింది. 2011లో ఆటలోని మా బొమ్మలు పెట్టుకునే ఒంటికంటి అద్దానికి 60 డాలర్లకు పైనే ధర కట్టారు. దానికి నవ్వి ఊరుకునేవాళ్లమేమో. ఇంతలో మీ ఉద్యోగులు చదువుకునే లోపలి పత్రిక బయటికి పొక్కింది. దాని అట్ట మీద, అత్యాశ మంచిదేనా అన్న ప్రశ్న! వెనకాలే మీ సంస్థ పెద్దాయన మెయిలూ పొక్కింది. ఆటగాళ్లు అనేదానికన్నా చేసేది చూద్దామని దాని సారాంశం.

చిత్తం. చేసి చూపించాం. జిటాలోని స్మారకం చుట్టూ నౌకలు గుమిగూడి కాల్పులే కాల్పులు. దాని మీద గీత కూడా పడదని కాల్చేవాళ్లందరికీ తెలుసు. ఖాతాలు మూసేసుకుని పోయినవాళ్ల దెబ్బ మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. మండలిని హడావిడిగా రేక్యావిక్‌కు రప్పించారు. అక్టోబరులో పెద్దాయన క్షమాపణ లేఖ రాశారు. అదే నెలలో మీ కొలువులో ఐదో వంతు మందికి ఉద్వాసన చెప్పారు. అద్దం ధర చివరికి ఎవరు చెల్లించారో తమరికి తెలియనిది కాదు.

కాబట్టి మా మనవులు ఆలకించండి. ధరలు పెంచాల్సి వస్తే పెంచండి, జీతాలివ్వాలని మాకూ తెలుసు. కానీ లోపల ఏ కారణం చెప్పుకుంటారో బయటా అదే చెప్పండి. మండలిని మంటలార్పడానికి కాదు, పొయ్యి వెలిగించే ముందే పిలవండి. మీవాళ్లు తప్పు చేస్తే మేం పట్టుకోకముందే మీరే చెప్పండి.

ఇక మోసాల శాఖ అంటారా, అది మాకే వదిలేయండి. అందులో మీరు మాకు సరిరారు.

ఇట్లు,
చందా బకాయి లేని
ఒక గనికూలీ