ఐదున్నర కిలోమీటర్ల మామ

మా మామ ఎవరికైనా చేబదులిస్తే మర్చిపోతాడు. ఎవరైనా తనకు మాటిస్తే మాత్రం రాసుకుంటాడు.

మామ అంటే మా అమ్మకు స్వయానా అన్న. ఆడిట్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఊరందరి లెక్కల్లో తప్పులు పట్టి, 2011లో రిటైరయ్యాడు. మర్నాడు పొద్దున పట్టడానికి తప్పుల్లేక ఇంట్లో ఉప్పూపప్పూ డబ్బాలు లెక్కపెట్టబోతే అత్త బయటికి పంపింది. పోయి ఎర్రట్ట లెక్కల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. అప్పట్నుంచి ఎవరు ఏం చేస్తామన్నా ఎడమవైపు మాట, కుడివైపు తారీఖు. కింద కొన్ని గీతలు ఖాళీగా వదుల్తాడు. అవి వాయిదాలకు. ఎన్ని వదలాలన్నది మాటిచ్చిన మనిషిని బట్టి ఉంటుంది. దర్జీకి రెండు గీతలు, వడ్రంగికి మూడు, ప్రభుత్వానికి పూర్తి పేజీ.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరుంటారు. మీవాడు కాలనీ డ్రైనేజీ మీదో, పెన్షన్ ఎరియర్స్ మీదో పడుంటాడు. మావాడు మెట్రో మీద పడ్డాడు. హైదరాబాద్ మెట్రో అంతటి మీదా కాదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా రావాల్సిన ఐదున్నర కిలోమీటర్ల మీద.

మామ ఇల్లు షాలిబండ దాటాక అలియాబాద్ వైపు పోతుంటే ఎడంచేతి గల్లీలో. మెట్రో మొదటి ప్లానులో రెండో కారిడార్ జేబీఎస్ దగ్గర మొదలై ఫలక్‌నుమాలో ముగియాలి. అంటే మామ గల్లీ ముందునుంచే రైలు పోవాలి. 2012లో నగరంలో పనులు మొదలవగానే మామ తన చేతక్ స్కూటర్ అమ్మేశాడు. "నాలుగేండ్లల్ల రైలొస్తది, ఇంక పెట్రోలెందుకు?" అన్నాడు. అప్పట్నుంచి షేర్ ఆటోలో ఒక కాలు లోపలా ఒక కాలు గాల్లోనూ పెట్టుకుని తిరుగుతున్నాడు. అత్త ఇప్పటికీ అంటుంది: "స్కూటరున్న మొగనికి ఇచ్చిండ్రు మావోళ్ళు. ఆటో మొగనితోని ఎల్లదీస్తున్న."

చిన్న కూతురి పెళ్ళిచూపులప్పుడు మగపెళ్ళివారు ఇల్లు దూరమని కొంచెం ముఖం చిట్లిస్తే, మామ వాళ్ళను గల్లీ మొగదాకా నడిపించుకెళ్ళి, ఖాళీ ఆకాశంలోకి వేలు చూపించి, "స్టేషన్ అగో, అక్కడ" అన్నాడు. వాళ్ళు కూడా పైకి చూసి తలూపారు. సంబంధం కుదిరింది. ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు. అల్లుడు కూకట్‌పల్లిలో రైలెక్కి ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోవాడితో బేరంలో ఓడి పండక్కొచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే అడుగుతాడు: "మామా, మీ స్టేషన్ ఎటు?" మామ ఆ అల్లుడికి మాత్రం రెండోసారి బిర్యానీ వడ్డించమని చెప్పడు.

మెట్రో చరిత్ర చెప్పమంటే మామ కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. చెప్పమనకపోయినా జరుపుకుంటాడు. 2008లో కాంట్రాక్టు దక్కించుకున్న మేటాస్ దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. ఎక్కడైనా రైలు కట్టేవాడు సర్కారును సాయమడుగుతాడు గానీ, వాళ్ళు ఎదురు మేమే సర్కారుకు 30,311 కోట్లిస్తాం అన్నారు. "ఆడిట్ల ముప్పై నాలుగేండ్లు జేసిన. ఎదురిచ్చెటోని ఫైలే ముందు తెరవాలె" అంటాడు మామ. ఆ లెక్క సరికాదని ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఉత్తరం రాస్తే ఇక్కడివాళ్ళు ఆయన మీదే కోప్పడ్డారు. 2009 జనవరిలో, మేటాస్ కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కల గుట్టు బయటపడింది, ఆ ఏడాదే మేటాస్ ఒప్పందం రద్దయింది. ఇక్కడ మామ ఆగి, మన ముఖాల్లోకి చూసి, ఇంగ్లీషులో సత్యం స్పెల్లింగ్‌ను వెనకనుంచి చదివిస్తాడు. మేటాస్ వస్తుంది. "సత్యాన్ని తిరగేసి మొదలువెట్టిన్రు, ఇంక తారీఖులు సీదగ ఎట్లుంటయి?" ఈ మాట నేను కనీసం నలభైసార్లు విన్నాను. నలభైసార్లూ నవ్వాను. నవ్వకపోతే స్పెల్లింగ్ అర్థం కాలేదనుకుని మళ్ళీ చెబుతాడు.

2010లో కొత్త ఒప్పందం, 2017 నవంబర్ 28న మియాపూర్ నుంచి నాగోలు దాకా ప్రారంభం, ఆ తర్వాత ఎల్బీనగర్, హైటెక్ సిటీ, రాయదుర్గం, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. 2020 ఫిబ్రవరి 7న మామ కారిడార్ కూడా తెరిచారు. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా, పదకొండు కిలోమీటర్లు. మొదటి వారంలోనే మామ నన్ను లాక్కెళ్ళి ఎక్కించాడు. రైలు బాగుంది, ఏసీ బాగుంది. మామ ముఖం మాత్రం బాగాలేదు. "ఇదేం రైలురా అల్లుడా! బస్టాండుల ఎక్కి బస్టాండుల దిగాలె!" నిజమే, జూబ్లీ బస్ స్టేషన్‌లో మొదలై మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ఆగే రైలది. ఆఖరి స్టేషన్ వస్తోందని మైకులో ఆవిడ చెప్పింది. మామ పైనున్న స్పీకర్ వైపు చూసి, డబ్బాలో ఉన్న అందరికీ వినబడేలా, "తాత్కాలికంగా" అన్నాడు. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలు నవ్వారు. నేను ఎవరో పరాయివాణ్ణన్నట్టు కిటికీలోంచి చూశాను. నెలన్నర తిరక్కముందే కరోనాతో మెట్రో మొత్తం ఆగిపోయింది. ఆ నెలల్లో నగరం మొత్తమ్మీద మామ ఒక్కడే కొంచెం తృప్తిగా కనిపించాడు. మెట్రో ఎవరికీ లేదు గదా!

ఎంజీబీఎస్ దాటాక రావాల్సిన పాతబస్తీ ముక్క ఎందుకాగిందంటే మామ ఒక కారణంతో సరిపెట్టడు. రోడ్డు ఇరుకు. దారిపొడవునా మసీదులూ గుళ్ళూ అషూర్‌ఖానాలూ ఉన్నాయి. ఈ దారి వద్దు మరోదారి చూడమన్న పార్టీలున్నాయి. కొన్నాళ్ళు మూసీ పక్కనుంచి పోదామన్నారు. అందరూ ఒప్పుకునేసరికి డబ్బు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. ఇవన్నీ నిజమైన చిక్కులేనని మామకూ తెలుసు. ఆయన అభ్యంతరం ఆలస్యం మీద కూడా కాదు, ప్రతిసారీ కొత్త తారీఖు చెప్పడం మీద. "రాదని జెప్తె స్కూటర్ కొనుక్కుందు గదరా!" ఒకరోజు కూర్చుని లెక్కకట్టాడు. ఐదున్నర కిలోమీటర్లంటే పద్దెనిమిది వేల అడుగులు. రోజుకు నాలుగడుగుల చొప్పున కట్టుకుంటూ వచ్చినా పదమూడేళ్ళలో ఫలక్‌నుమా దాటేవాళ్ళు. ఈ లెక్క జిరాక్స్ తీయించి వినతిపత్రాలకు జతచేశాడు. వినతిపత్రాలు ఎన్ని ఇచ్చాడో నేనడగలేదు. అడిగితే చెబుతాడు.

ఈ మధ్యలో 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు ముప్పై ఒక్క కిలోమీటర్ల మెట్రోకి రాయి వేశారు. మామ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. మొదట్నుంచీ వరసలో నిలబడ్డవాడిని వదిలేసి పక్కనుంచి వచ్చినవాడికి టోకెన్ ఇచ్చినట్టు బాధపడ్డాడు. ఏడాదికి ప్రభుత్వం మారింది, ఆ ప్రాజెక్టు పక్కకు పోయింది. మామ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మంచి మనిషే, కానీ ఈ విషయంలో కాదు.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళొచ్చాడు. తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పెంచి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. మామ సంతోషిస్తాడనుకున్నాను. "పాత బాకీ ఐదున్నర కట్టనోడు ఏడున్నరకు నోటు రాసిస్తుండురా" అన్నాడు.

అప్పట్నుంచి గల్లీ మొగలో మూడుకాళ్ళ స్టాండూ దుర్బిణీ పట్టుకుని ఎవడు కనబడ్డా మామకు వాడు మెట్రో మనిషే. ఒకతనికి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి గంటసేపు కారిడార్ చరిత్ర చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, రెండో చాయ్ కూడా తాగి, తాను మంచినీళ్ళ పైపుకోసం కొలవడానికొచ్చానని చెప్పి వెళ్ళిపోయాడు. మామ లోపలికొచ్చి, కొత్త పేజీలో పైపు తారీఖు రాసుకున్నాడు.

2025 జనవరిలో ఆస్తులు పోయేవాళ్ళకు గజానికి 81 వేల చొప్పున చెక్కులివ్వడం మొదలైంది. రోడ్డుమీద దుకాణాల గోడలకు ఎర్ర గుర్తులు పడ్డాయి. మామ టేపు తీసుకుని తన గుమ్మం నుంచి కొలుచుకున్నాడు. వెడల్పు చేయబోయే వంద అడుగుల రోడ్డు అంచుకూ ఆయన గోడకూ మధ్య పద్నాలుగు అడుగులు. అంటే ఇల్లు పోదు, గోడ పోదు, అరుగు మీది ఒక్క పెచ్చు కూడా ఊడదు. ఎవరైనా పండగ చేసుకుంటారు. మామ ముఖం వాడిపోయింది. జన్మలో మెట్రో ఊసెత్తని పక్కింటాయనకు నోటీసొచ్చింది, పదమూడేళ్ళుగా ఫైలు మోసిన తనకు ఒక్క కాగితం కూడా రాలేదు! "మనింట్ల కనీసం మెట్టన్న పోవద్దా?" అని అత్తనడిగాడు. అత్త జవాబు ఇక్కడ రాయను.

మొగలో ఒక గడియారాల రిపేరు దుకాణం ఉండేది. యజమాని తాత పెట్టింది. ముందుభాగం పడగొట్టిన రోజు మామ పొద్దున్నుంచీ ఆ యజమాని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం నేను అన్నం క్యారియర్ తీసుకెళ్తే, ఇద్దరికీ పంచి, నన్ను పొమ్మన్నాడు. ఆ తర్వాత పది పదిహేను రోజులు మెట్రో గురించి ఒక్కమాట అనలేదు. ఎర్రట్ట పుస్తకం టీవీ మీద దుమ్ముపట్టింది.

బోనాలకు లాల్‌దర్వాజ వెళ్ళి వస్తూ ఇంటికెళితే పుస్తకం మళ్ళీ ఒళ్ళోకొచ్చి ఉంది. అమ్మయ్య అనుకున్నాను. మామ లోపలికి వెళ్ళినప్పుడు తీసి తిరగేశాను. పాతబస్తీ మెట్రో రెండు పేజీలు నిండి మూడోదానిలోకి పాకింది. రెండు పేజీల అవతల నా పేరుంది.

"అల్లుడు. అమ్మ ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెస్తనన్నడు. 2016 సంక్రాంతి." అమ్మ అంటే మా అమ్మమ్మ. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే, నా బీరువాలోనే ఉంది. కింద గీతలన్నీ నిండిపోయాయి. ఉగాదికి. దసరాకు. పిల్ల పరీక్షలయినంక. కరోనా తగ్గినంక. ఈ చివరి మాట మెట్రో పేజీలోనూ అదే రంగు సిరాతో ఉంది. ఒకే రోజు ఇద్దరికీ రాసుంటాడు.

మామ వచ్చి చూశాడు. చూసిన సంగతి నాకు తెలుసునని ఆయనకు తెలుసు.

"ఏ గోడకు పెడతారో తేలలేదు గదా మామా, దాన్ని బట్టి సైజు..." అన్నాను.

"అలైన్‌మెంట్" అన్నాడు మామ.

"స్టూడియోవాళ్ళు కూడా ఒకడొక రేటు, ఒకడొక రేటు..."

"టెండరు."

నేనింక ఖర్చు సంగతి ఎత్తలేదు. "వచ్చే నెల పదిహేనుకు తెస్తాను మామా. ఈసారి ఖాయం."

మామ జేబులోంచి పెన్ను తీసి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, కొత్త పేజీలో పైన నా పేరు, ఫోటో, తారీఖు పొందిగ్గా రాశాడు. తర్వాత పెన్ను మూత పెట్టకుండా పేజీ తిప్పి, వడ్రంగి సంగతి మొదలుపెట్టాడు.