కామాకు ఎడమవైపు: ఒక ఎర్ర పెన్ను ఆత్మకథ

నేను ఎర్ర పెన్నును. తెలుగు పిల్లల ఇంగ్లిష్ నోటుపుస్తకాలు దిద్దడమే నా బతుకు. నా సిరా ఎక్కువగా ఖర్చయ్యే చోటు ఒకటుంది: ‘ఇఫ్’తో మొదలయ్యే వాక్యంలో, కామాకు ఎడమవైపు. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో’ అని రాసి ఉంటుంది. ఆ ‘విల్’ చుట్టూ సున్నా చుట్టి, మీద గీత కొట్టి, పక్కన ఇంటూ పెడతాను. పుస్తకం మారినా, చేతిరాత మారినా తప్పు మాత్రం అక్కడే. పిల్లల అజాగ్రత్తే కారణమైతే తప్పులు తలోచోట పడాలి. ఇంతమంది ఒకేచోట జారుతున్నారంటే కారణం ఆ నేలలోనే వెతకాలి. ఆ నేల వాళ్ల తెలుగే.

‘వస్తే’ అన్న మాటనే తీసుకోండి. రేపు వస్తే చెబుతాను. నిన్న వస్తే చెప్పాను. ఎప్పుడు వస్తే అప్పుడు చెప్పేవాణ్ణి. మూడింట్లోనూ అదే ‘వస్తే’. బడి వ్యాకరణం చేదర్థకమని పిలిచే ఈ క్రియకు సొంత కాలం లేదు, కాలాన్ని వాక్యం చివరి క్రియే మోస్తుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ‘ఇఫ్’ పక్కనున్న క్రియకూ ఏదో ఒక కాలం తొడగాల్సిందే. వాన రేపటిది కాబట్టి పిల్లవాడు భవిష్యత్తు తొడిగాడు. నేను కొట్టేసిన ఆ ‘విల్’ తప్పే, కానీ ఆలోచించి చేసిన తప్పు.

‘ఇఫ్ తర్వాత విల్ రాదు’ అని ఒక్క సూత్రం చెబితే సరిపోదా అని అడుగుతారు. ఆ ఒక్క వాక్యానికి సరిపోతుంది. కష్టం దాని తర్వాతిది. ‘ఇఫ్ ఐ హాడ్ మనీ నౌ’ అన్నప్పుడు డబ్బు లేనిది ఇవాళ, క్రియ మాత్రం భూతకాలంలో ఉంది. ఎందుకని అడిగితే షరతు వాక్యాలను జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని విడదీసే పట్టికలో జవాబు దొరకదు. ఆ పట్టిక బోధన కోసం కట్టుకున్నది. హడిల్‌స్టన్, పులమ్‌లు 2002లో వెలువరించిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం షరతు వాక్యాల్లో ప్రధానంగా చూసే తేడా ఒక్కటే: జరగడానికి దారి తెరిచి ఉన్న షరతా, వాస్తవానికి దూరంగా ఉన్న షరతా అని. ఆ దూరాన్ని చూపడానికే ఇంగ్లిష్ భూతకాల రూపాన్ని వాడుతుంది.

ఈ సంగతి తెలుగు పిల్లలకు కొత్త కాదు. ‘డబ్బుంటే ఇల్లు కొంటాను’ అంటే ఇంకా ఆశ ఉంది. ‘డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి’ అంటే డబ్బు లేదు, ఇల్లూ లేదు. మాట ఇవాళ్టి గురించే అయినా ‘కొనేవాణ్ణి’ గతించిన రూపం. లేనిదాన్ని చెప్పడానికి రెండు భాషలూ వెనకటి రూపాన్నే ఆశ్రయించాయి. తేడా ఒక్కటే: తెలుగు చివరి క్రియను మాత్రమే వెనక్కి జరిపి ‘డబ్బుంటే’ను కదపదు, ఇంగ్లిష్ రెండింటినీ జరుపుతుంది. ఎడమవైపు ‘హావ్’ కాస్తా ‘హాడ్’ అవుతుంది, కుడివైపు ‘విల్’ ‘వుడ్’ అవుతుంది. నా సున్నాలు ఎక్కువగా ఎడమవైపే పడటానికి కారణం ఇదేనని నా నమ్మకం.

‘కొనేవాణ్ణి’కి ‘అప్పట్లో కొంటూ ఉండేవాణ్ణి’ అన్న అర్థమూ ఉందిగా, పోలిక చెడదా అని మరో అభ్యంతరం. నిజానికి పోలిక గట్టిపడేది ఇక్కడే. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా ఒకప్పటి అలవాటునూ చెబుతుంది, జరగనిదాన్నీ చెబుతుంది. ఇక పట్టికలో ఏ గడిలోనూ ఇమడని వాక్యం ఒకటి: అప్పుడు చదివి ఉంటే ఇప్పుడు ఉద్యోగంలో ఉండేవాణ్ణి. షరతు నిన్నటిది, ఫలితం ఇవాళ్టిది. తెలుగులో ఏ పిల్లవాడూ తడబడకుండా అనే మాటే ఇది. దూరం సంగతి తెలిసినవాడు దీన్ని ఇంగ్లిష్‌లోనూ కట్టుకోగలడు.

ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినబడితే ఇంగ్లిష్ పాడవుతుందన్న భయం పెద్దలకు ఉంది. రోజంతా తెలుగే మాట్లాడితే ఇంగ్లిష్ రాదన్నంత వరకు ఆ భయం సబబే. కానీ పిల్లవాడి తలలోని తెలుగు, గదిలో వద్దన్నంత మాత్రాన బయటికి పోదు. చెప్పకుండా వదిలేసిన తెలుగే ఆ ‘విల్’ అయి నా ముందుకొస్తోంది. పిల్లల భాషలను తరగతికి వనరుగా చూడమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది.

కాబట్టి మాస్టారూ, టీచరమ్మా, రేపు పట్టిక గీసే ముందు బోర్డు మీద రెండు వాక్యాలు రాయండి: డబ్బుంటే కొంటాను, డబ్బుంటే కొనేవాణ్ణి. తేడా ఏమిటో పిల్లల్నే అడగండి. వాళ్లు చెప్పాకే నా క్యాప్ తీయండి.