పోలికల బాబాయిగారు

సైనిక్‌పురిలో సందుకొక కల్నల్ గారుంటారు. మా సందు కల్నల్ గారు మాత్రం సైన్యంలో ఒక్క పూట కూడా పనిచెయ్యలేదు. ఈసీఐఎల్‌లో అకౌంట్లు రాసి రిటైరయ్యారు. తెల్లమీసం, తెల్లారకముందే వాకింగు, ఎదుటివాడు నోరు తెరవకముందే తీర్పు. ఇవన్నీ చూసి కూరగాయల బండివాడు ఆ హోదా ఇచ్చేశాడు, ఆయనా కాదనలేదు. నాకు మాత్రం బాబాయిగారే.

యుద్ధాలు చూడలేదు గానీ సూపర్‌మ్యాన్లందర్నీ చూశారు. ఆయన దృష్టిలో అసలు సూపర్‌మ్యాన్ ఒక్కడే, 1978 నాటి క్రిస్టఫర్ రీవ్. తరవాత వచ్చినవాళ్ళంతా ఆ కుర్చీలో కాసేపు కూచోవడానికి వచ్చిన ఇన్‌చార్జిలు.

2006లో బ్రాండన్ రౌత్ వచ్చాడు. ముక్కూ మొహం రీవ్‌కి దగ్గరగా ఉంటాయి. "అనుకరణ!" అని కొట్టిపారేశారు. రెండేళ్ళ కింద పోయిన మార్లన్ బ్రాండో పాత దృశ్యాల్ని తవ్వి తీసి తండ్రి పాత్రకి మళ్ళీ వాడుకున్నారని తెలిశాక, "పోయినవాళ్ళనీ ప్రశాంతంగా ఉండనివ్వరు" అన్నారు. 2013లో హెన్రీ కావిల్ వచ్చాడు. ఏ కోణంలో చూసినా రీవ్‌లా ఉండడు. "పోలికే లేదు, వీడేం సూపర్‌మ్యాన్?" అన్నారు. పైగా బ్రిటిషువాడు. అదీ చాలదన్నట్టు ఆ ఎర్ర నిక్కరు తీసేశారు. ఆ నిక్కరు కోసం బాబాయిగారు పడ్డ బాధ ఆయన సొంత పంచె పోయినా పడి ఉండరు. పన్నెండేళ్ళ తరవాత, 2025 జులైలో కొత్త దర్శకుడు జేమ్స్ గన్ దాన్ని తిరిగి తొడిగించాడు. సంతోషిస్తారనుకున్నాను.

"కుక్కెందుకోయ్?" అన్నారు.

క్రిప్టో అనే ఆ కుక్క సంగతి అది. సినిమా మొదలయ్యేసరికే సూపర్‌మ్యాన్ ఓడిపోయి మంచులో పడుంటాడు. ఈల వేస్తాడు, కుక్క వచ్చి ఈడ్చుకుపోతుంది. గ్రహం పేలడం, పసివాణ్ణి రాకెట్‌లో పంపడం, పొలంలో దొరకడం, ఈ పురాణమంతా గన్ ఎత్తేసి నాలుగు ముక్కలు తెరమీద రాసి ఊరుకున్నాడు. అదంతా అందరికీ తెలిసిందేగా అని. నాకైతే ఆ ధైర్యం నచ్చింది. బాబాయిగారికి మాత్రం సీతాకల్యాణం లేకుండా రామాయణం మొదలెట్టినట్టయింది.

రాధిక చౌరస్తా దగ్గరి మల్టీప్లెక్సులో ఆయన పక్క సీట్లో కూచుంటే ఒకే టికెట్‌కి రెండు సినిమాలు. ఎదురుగా కొత్తది, ఎడమ చెవిలో పాతది. కొత్త సూపర్‌మ్యాన్ కోరెన్‌స్వెట్ కళ్ళజోడు పెట్టుకుంటే చాలు, చెవి దగ్గర రీవ్ ప్రత్యక్షం: "అక్కడ చూడవోయ్, లోయిస్ ఇంట్లో కళ్ళజోడు తీసి నడుం నిటారుగా చేస్తాడు. మొహం మారుతుంది, గొంతు మారుతుంది, మనిషే మారిపోతాడు. గ్రాఫిక్స్ లేవు, ఏం లేవు." ఈ మాటలో అబద్ధం లేదు. ఆ కాసేపటి నటనకి ఇప్పటికీ సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. చిక్కల్లా ఒప్పుకున్నాకే వస్తుంది. ఆ పాత సినిమాకి జాన్ విలియమ్స్ కట్టిన బాణీ అందుకుంటారు, నోటితో. కొత్త సినిమాలోనూ ఆ బాణీనే కాస్త మార్చి వాడారని చెబితే, "మార్చడమెందుకు?" అంటారు.

ముద్దు సీను దగ్గర బొమ్మ టక్కున తెగింది. మన సెన్సార్‌వారు అరనిమిషం పైనే కోశారు. ఆ ఒక్క కోతకి మాత్రం బాబాయిగారు దర్శకుణ్ణి తిట్టకుండా వదిలిపెట్టారు.

లాజిక్ విషయంలో బాబాయిగారు మరీ కటువు. అన్నన్ని భవనాలు కూలితే లోపలి జనమేమయ్యారు, ఇన్సూరెన్సు ఎవడిస్తాడు అని లెక్కలు అడుగుతారు. ముప్ఫయ్యేళ్ళు లెడ్జర్లు చూసిన మనిషి, అడగడం న్యాయమే. "మరి మీ రీవ్ భూమి చుట్టూ గిర్రున తిరిగి కాలాన్నే వెనక్కి తిప్పేశాడుగా?" అన్నాను. "అది ప్రేమోయ్" అన్నారు.

ఆయన్ని ఇరుకున పెట్టగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే. ఒకడు మనవడు. వాడికి స్పైడర్‌మ్యాన్ అంటే టామ్ హాలండ్. వాడి నాన్నకి, అంటే బాబాయిగారి అబ్బాయికి, 2002 నాటి టోబీ మగ్వైర్. భోజనాల బల్ల దగ్గర తండ్రీ కొడుకులకి పడదు. ఒకరోజు మనవడు ఫోన్లో ఏదో చూసి, "తాతయ్యా, మీ రీవ్ కూడా రీబూటే, పాత కథకి కొత్త వేషగాడే" అని బాంబు పేల్చాడు. 1938లో కామిక్ పుట్టింది, పదేళ్ళకే కర్క్ ఆలిన్ సీరియల్ వచ్చింది. అందులో మనిషి ఎగరాల్సినప్పుడల్లా కార్టూన్ బొమ్మ ఎగిరేది. తరవాత టీవీలో జార్జ్ రీవ్స్. మీవాడి నంబరు ఆ వెనకే అన్నాడు. బాబాయిగారు పెరుగన్నం కలుపుతూ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "వాళ్ళు రిహార్సల్స్‌రా" అన్నారు.

రెండోవారు పిన్నిగారు. ఆవిడ సూపర్‌మ్యాన్ వేరు. 1980లో వి. మధుసూదనరావు తీసిన సినిమాలో మన రామారావు. ఆయనకి శక్తులిచ్చింది క్రిప్టాన్ గ్రహం కాదు, ఆంజనేయస్వామి. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్' వస్తే ఆవిడ మురిసిపోయారు. చూసొచ్చి బాబాయిగారు, "ఆ కుర్రాడి మణికి పగలు, ఎండ తగిలితేనే శక్తి. మావాడికీ సూర్యుడి నుంచే శక్తి. కాపీ!" అని ప్రకటించారు. పిన్నిగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "ఆంజనేయుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరినప్పుడు మీ క్రిప్టాన్ ఎక్కడుందో కనుక్కోండి" అన్నారు. ఆ పూట కాఫీ ఆయనే కలుపుకున్నారు.

ఇంతకీ ఈ పోలికల జబ్బు హాలీవుడ్ నుంచి అంటిందని నేననుకోను. బాబాయిగారిది కృష్ణాజిల్లా. వాళ్ళ నాన్నగారికి పద్యనాటకాల పిచ్చి. తిరుపతి వెంకటకవుల రాయబారం ఎవరికి తెలియదు? కృష్ణుడు వెళ్తాడు, సంధి పొసగదు, యుద్ధం తప్పదు. కథ కోసం ఎవరూ రారు. షణ్ముఖి ఆంజనేయరాజు రాగం ఎంత దూరం లాగాడు, పీసపాటి నరసింహమూర్తి పద్యంలో మాట ఎలా పలికాడు, రఘురామయ్య ఈల ఎక్కడ వేశాడు, ఇవి తూచడానికి వస్తారు. అందుకే ఒకే రాత్రి ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గుర్ని దింపేవారు. ఒక సీనుకి ఒకరు, తరవాతి సీనుకి మరొకరు. కిరీటం అదే, మనిషి మారాడు. జనానికి అదేం అడ్డు కాలేదు, పోల్చుకోవడానికి వీలుగా ఉందని సంబరపడ్డారు. నచ్చితే వన్స్‌మోర్, చచ్చిపడిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ అందుకోవాల్సిందే.

2021 డిసెంబరులో 'నో వే హోమ్' ముగ్గురు స్పైడర్‌మ్యాన్లని ఒకే తెరమీదికి తెస్తే లోకమంతా కొత్త ఆలోచన అని ఈలలు వేసింది. మన తెనాలి నాటకాల కాంట్రాక్టర్లు నవ్వి ఉంటారు. సినిమావాళ్ళేం తక్కువ తిన్నారా? 1934లో 'లవకుశ' తీసిన సి. పుల్లయ్యే 1963లో కొడుకు సి.ఎస్. రావుతో కలిసి దాన్ని రంగుల్లో తీశాడు. 2011లో బాపు 'శ్రీరామరాజ్యం' అన్నాడు. మూడు సార్లూ సీతమ్మ అడవికే వెళ్ళింది. మూడు సార్లూ జనం ఏడ్చారు, బయటికొచ్చి పాతదే బావుందన్నారు.

కాబట్టి బాబాయిగారిని ఛాదస్తుడని నేననను. కథ ముందే తెలిసి, వేషగాణ్ణి చూడ్డానికి మాత్రమే వెళ్ళే ప్రేక్షకుడు రీబూట్‌కి దొరికిన అసలైన రసికుడు. ఆ నాన్నగారి తరంతో పోలిస్తే ఒక్కటే లోటు. వాళ్ళు తూచి వన్స్‌మోర్ కొట్టేవారు, ఈయన తూచి తూచి చప్పట్లు మిగుల్చుకుంటున్నారు. అవెవరికోసం దాస్తున్నారో నాకు అర్థం కాదు. స్టూడియోలవాళ్ళకి మాత్రం ఆయన చప్పట్లతో పనిలేదు. మొదటి రోజు మొదటి ఆట, సీనియర్ సిటిజన్ అయినా పూర్తి ధర పెట్టి కొంటున్నారు. మెచ్చుకునే నాలాంటివాడు, ఆయన లాక్కుపోకపోతే, రెండో వారం తీరుబడిగా వెళ్తాడు.

గన్ తరవాతి సూపర్‌మ్యాన్ సినిమా 'మ్యాన్ ఆఫ్ టుమారో'కి 2027 జులై 9 అని తేదీ ప్రకటించాడు. బాబాయిగారికి అది ఇప్పటికే నచ్చలేదు. ఆ రోజుకి రెండు టికెట్లు చూడమని నాకు పురమాయించారు కూడా.